రాజా, చూసుకో!

మర్యాద తెలిసిన చదరంగం ఆటగాడు ఎదుటివాడి రాజు మీదికి గుర్రాన్నో ఏనుగునో తోలినప్పుడు ‘చెక్’ అని పైకి అంటాడు. టోర్నమెంట్ల నిబంధనల ప్రకారం అలా అనాల్సిన పని లేదు. అరుగు మీది ఆటలో మాత్రం అనకుండా రాజును కొట్టబోతే గొడవే.

ఆ మాట అసలు రాజుగారి పేరే. మన చతురంగం పర్షియాలో చత్రంగ్, అరబ్బుల నోట షత్రంజ్ అయింది. పారశీకంలో షా అంటే రాజు. ‘షా!’ అని కేకేస్తే ‘రాజా, చూసుకో’ అని హెచ్చరించినట్టు. ఆ కేకే అరబ్బుల మీదుగా ఫ్రెంచి వాళ్లకు చేరి, ఇంగ్లిష్‌లో చెక్ అయింది. రాజు అడుగు ఆగింది గనుక చెక్ అంటే ఆపడం, ఆపి చూస్తారు గనుక సరిచూడడం. మన వాగుల మీది చెక్ డ్యామ్‌కు మొదటి అర్థం, డాక్టరు చెకప్‌కు రెండోది. చెక్‌పోస్టుకు రెండూ వర్తిస్తాయి.

అర్థాల సంగతి అలా ఉంచితే, ఈ మాట డబ్బు దగ్గరికి చేరిన తీరు మరీ ముచ్చటైనది. 12వ శతాబ్దపు ఇంగ్లండు ఖజానాలో పదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు బల్ల ఒకటి ఉండేది. దాని మీద గళ్ల గుడ్డ. ఒక పక్క ఖజానా అధికారులు, ఎదురుగా జిల్లా నుంచి శిస్తు పట్టుకొచ్చిన షెరీఫ్. రోమన్ అంకెలతో కూడికలు తెమిలేవి కావు, అందుకే గళ్లలో బిళ్లలు పెట్టి జరుపుతూ లెక్క తేల్చేవారు. ఖజానా పెద్ద రిచర్డ్ ఫిట్జ్‌నీల్ ఆ తతంగాన్ని చదరంగంతోనే పోల్చి రాశాడు. షెరీఫ్‌కు ఎన్ని ముచ్చెమటలు పట్టేవో! బ్రిటన్ ఆర్థిక మంత్రిని నేటికీ చాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్ అంటారు. గళ్ల బల్ల పెద్ద అన్నమాట. మనం తొడుక్కునే చెక్స్ చొక్కా కూడా ఆ గళ్ల చుట్టమే.

బ్యాంకు చెక్కు కథ వేరు. మోసం జరక్కుండా సరిచూసుకోవడానికి దాచుకునే కౌంటర్‌ఫాయిల్‌కే మొదట ఆ పేరు ఉండేది. చించి ఇచ్చే కాగితానికి తర్వాత అంటుకుంది. ఎక్స్‌చెకర్ స్పెల్లింగు చూసి బ్రిటిష్ వాళ్లు దానికి ‘క్యూ’ తగిలించారు, అమెరికన్లు వద్దన్నారు. పైగా అమెరికా హోటళ్లలో చెక్ అంటే బిల్లు. ఇక్కడ చెక్కు వస్తే చేతికి డబ్బు, అక్కడ చెక్ వస్తే జేబుకు చిల్లు. కొత్తగా వెళ్లిన మనవాళ్లు కాస్త తికమకపడితే తప్పు పట్టలేం.

ఇక తెలుగు పత్రికల్లో ఈ మాట పడుతున్న పాట్లు చూడాలి. ఇసుక దందాకు చెక్, దోమలకు చెక్, జుట్టు రాలడానికీ చెక్. రెండక్షరాల్లో శీర్షిక తేలిపోతుంది కనుక ఏ డెస్కుకైనా మక్కువే. అయితే వీటన్నిటిలో చెక్ అంటే ఇక అయిపోయిందని అర్థం. ఆటలో అలా కాదు. చెక్ పడ్డాక రాజు పక్కకు జరగొచ్చు, అడ్డంగా బంటును పెట్టుకోవచ్చు, దూకినవాడినే చంపేయొచ్చు. దారులన్నీ మూసుకుపోతేనే ఆటకట్టు. ఇసుక లారీలు ఒక దారి మూస్తే మరో దారిన వెళ్తాయని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ లెక్కన శీర్షిక పెట్టిన సబ్ ఎడిటర్ తనకు తెలియకుండానే ఉన్నమాట రాసినట్టు.