రెండు వైపులా కలిస్తే చాలా?

ఎంబీఏ మొదటి సెమిస్టర్ అకౌంటింగ్ పేపర్ ఏటా ఒకే తీరు. ట్రయల్ బ్యాలెన్స్ ఒకటి, దాని కింద నాలుగైదు సర్దుబాట్లు ఇచ్చి బ్యాలెన్స్ షీట్ వేయమంటారు. రెండు వైపులా మొత్తం కలిస్తే మార్కులు. ఆ కలిపే పని ఇప్పుడు ట్యాలీ చేసిపెడుతోంది. పట్టా పుచ్చుకున్న పిల్లలు కూర్చునేది బ్యాంకులో లోన్ల సీట్లోనో, జిల్లా పరిశ్రమల కేంద్రంలోనో. అక్కడ ఇంకెవరో రాసి తెచ్చిన లెక్కను అనుమానించడమే వాళ్ల ఉద్యోగం.

ఆ విద్యకు మన హైదరాబాద్ సత్యం కంపెనీని మించిన పాఠం ఉందా? 2008 సెప్టెంబర్ 30 నాటికి నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలని చూపితే, అందులో 5,040 కోట్లు లేనే లేవని 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజే లేఖ రాశారు. లేని సొమ్ముకు వడ్డీ ఊరుకుంటుందా, అది మరో 376 కోట్లు! ఆ త్రైమాసికంలో 649 కోట్లుగా చూపిన నిర్వహణ లాభం అసలు 61 కోట్లేనట. అయినా ఆ బ్యాలెన్స్ షీట్ రెండు వైపులా చక్కగా కలిసింది. మన పరీక్షలో రాసుంటే పూర్తి మార్కులు పడేవి.

చిన్న పరిశ్రమల దగ్గర ఇదే కథ చిల్లరగా నడుస్తుంది. రిజర్వ్ బ్యాంక్ వేసిన నాయక్ కమిటీ పద్ధతిలో వర్కింగ్ క్యాపిటల్ అప్పు అంచనా టర్నోవర్‌లో కనీసం 20 శాతం. కాబట్టి 20 లక్షలు కావాలనుకున్నవాడి టర్నోవర్ అంచనా కచ్చితంగా కోటి దగ్గరే తేలుతుంది. కరెంట్ రేషియో 1.33 ఉండాలని విద్యార్థి బట్టీ పడతాడు. ప్రాజెక్ట్ రిపోర్ట్ తయారుచేసే కన్సల్టెంట్‌కు ఆ అంకె అంతకుముందే కంఠతా వచ్చు.

జర్నల్, లెడ్జర్ తెలియనివాడికి అనుమానమూ రాదు, ఒప్పుకుంటాను. నెల రోజులు వాటికే ఇవ్వండి. ఆ తర్వాత ఒకే యూనిట్ బ్యాలెన్స్ షీట్, జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్, కరెంటు బిల్లులు చేతికిచ్చి ఎక్కడ పొసగడం లేదో పట్టుకోమనండి. అమ్మకాలు రెట్టింపైన ఏడాది కరెంటు బిల్లు ఎందుకు కదల్లేదు? లాభం ఉన్నా జీతాలకు డబ్బెందుకు లేదు? సరుకు కొన్న పెద్ద కంపెనీ బిల్లు ఆపిందా, అసలు ఆ బిల్లే లేదా?

ఇలాంటి పేపర్లు దిద్దడం కష్టమంటారు. కష్టమే. దిద్దేవాళ్లకు ఇచ్చేది కాస్త పెంచండి.