కుండలు పగలగొట్టినం సరే, చిన్నాయిన సంగతేంది?

పోయిన ఎండకాలం మా వాడ యూత్ అంతా కూసోని ఒక తీర్మానం చేసినం. వాడల గుడుంబా బంద్, బెల్టుషాపు బంద్, తాగి కనబడితే 5 వేలు దండుగ. తెల్లారి కుండలు పగలగొట్టినం, వీడియో తీసి పెట్టినం. మీలో చాలామంది దాన్ని షేర్ చేసిన్రు, "శభాష్ తమ్ముడూ" అని కామెంట్లు పెట్టిన్రు. అందుకే ఇది మీకు రాస్తున్న. ఆ వీడియోల లేని ముచ్చట ఒకటుంది.

మా చిన్నాయిన ఇరవై ఏండ్ల సంది తాగుతడు. తీర్మానం అయిన రోజు ఆయన కూడా చేతులెత్తి ఒప్పుకున్నడు. మేం సంబురపడ్డం. మొదటి రోజు సాయంత్రానికే చేతులు వణుకుడు, ఒళ్లంతా చెమట. "మానేటప్పుడు గట్లనే ఉంటది, ఓర్చుకోవాలె" అని నేనే చెప్పిన. డిగ్రీ చదివినోన్ని కదా, నా మాట విన్నరు. రెండో రాత్రి ఫిట్స్ వచ్చినయ్. మూడో రోజు గోడల మీద తేళ్లు పాకుతున్నయని చెప్పుతో కొట్టుడు మొదలుపెట్టిండు, చిన్నమ్మను గుర్తుపడ్తలేడు. ఒకామె గాలి సోకిందన్నది. ఇంకొకాయన నాటకమన్నడు. 108కి ఫోన్ చేసి పెద్దదవాఖానకు తీసుకపోయినం. డాక్టరు అడిగిన మొదటి మాట: "ఒక్కసారే ఎవరు బంద్ చేయించిన్రు?"

మేమే. ఐదువేల దండుగ పెట్టి మేమే చేయించినం.

ఆ రోజు డాక్టరు చెప్పింది మీరు కూడా గుర్తుపెట్టుకోవాలె. ఏండ్ల తరబడి రోజూ తాగినోళ్ల మెదడు ఆ మందుకు అలవాటు పడి ఉంటది. అది ఒక్కసారిగా ఆగిపోతే కొన్ని గంటలల్లనే వణుకు మొదలైతది. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజులల్ల వస్తయ్. మనిషి లోకం మరిచి, లేనివి కనబడుడు రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యన వచ్చే అవకాశం ఎక్కువ. వైద్యం అందకపోతే ప్రాణం పోతది. దవాఖానల దీనికి మందులున్నయ్. నరాలను నెమ్మదింపజేసే గోలీలు మొదట ఎక్కువ మోతాదుల ఇచ్చి, రోజురోజుకు తగ్గించుకుంట ఐదు నుంచి పది రోజుల్లో ఆపేస్తరు. దాంతోపాటు థయమిన్ అనే బి1 విటమిన్ ఇంజక్షన్లు ఇస్తరు. తిండి లేక తాగినోళ్లకు అది లేకుంటే మెదడు దెబ్బతింటది. ఇంతే. ఇది పెద్ద ఆపరేషన్ కాదు, లక్షల ఖర్చు కాదు.

మా పాలమూరు దిక్కు ఇంకొక చిక్కుంది. "నేను మందు తాగ, ఉత్త కల్లే" అనేటోళ్లు వీపనగండ్లల, పెబ్బేరుల, కొల్లాపూర్‌ల ఎంతమంది లేరు! కానీ చెట్టు కల్లు వేరు, కల్తీ కల్లు వేరు. కల్తీ కల్లుల ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతరన్నది మన జిల్లాలకు కొత్త సంగతి కాదు. అంటే తాగేటోడు కల్లుకు కాదు, నిద్రగోలీల పొడికి బానిస అయిండన్నట్టు. 2015 సెప్టెంబరుల సర్కారు కల్తీ కల్లు మీద దాడులు చేసినప్పుడు ఏమైందో పెద్దోళ్లను అడగండ్రి. ఉమ్మడి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల జనం ఫిట్స్‌తోటి, పిచ్చి చూపులతోటి దవాఖానలకు ఎగబడ్డరు. కొందరి ప్రాణాలు పోయినయ్. దాడి చెయ్యాల్సిందే, విషం అమ్మేటోన్ని పట్టుకోవాల్సిందే. కానీ ఎక్సైజు జీపు ముందుగాల వచ్చింది, డాక్టరు తర్వాత వచ్చిండు. పదేండ్లయినంక మేం కూడా మా వాడల అదే తప్పు చేసినం. మా దగ్గర జీపు కూడా లేదు, ఉత్త వీడియో.

ఇప్పుడు పైసల ముచ్చట. ఇది మా ఇంట్ల గాయం, పేర్లు చెప్పను. అంతకు ముందటి ఏడే చిన్నాయినను పట్నంల ఒక ప్రైవేటు సెంటర్‌ల ఏసినం. నెలకు 25 వేలు. చిన్నమ్మ మేకలు అమ్మింది, మిగిలింది మిత్తికి తెచ్చింది. రెండు నెలలు ఫోన్ ఇయ్యలే, చూడనియ్యలే. బయటికొచ్చినంక మణికట్టు మీద మచ్చలు చూపిచ్చిండు. మంచానికి కట్టేసేటోళ్లంట. డాక్టరు మొఖం ఎన్నడూ చూడలేదంట. ఇంటికొచ్చిన రోజు సాయంత్రమే తాగిండు. అప్పు మాత్రం ఇంకా ఉన్నది.

మాకు తెల్వక గట్లయింది. మీకు తెలవాలె. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది. మద్యం, మత్తు పదార్థాల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఈ చట్టం కిందికే వస్తాయి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, కార్డు చేతిలో లేకపోయినా సరే, ప్రభుత్వ సంస్థల్లో ఈ వైద్యం ఉచితంగా అందాలని 18వ సెక్షన్ చెబుతుంది. ఉండాల్సిన కనీస సేవలు సర్కారు తరఫున జిల్లాలో లేకపోతే, అదే జిల్లాలో వేరే చోట చేయించుకున్న చికిత్స ఖర్చు ప్రభుత్వం భరించాలని కూడా అందులోనే ఉంది. మనిషిని గొలుసులతో కట్టడాన్ని 95వ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. రిజిస్ట్రేషన్ లేకుండా ఇట్లాంటి సెంటర్ నడపకూడదు. కాబట్టి ఎవరన్న "మా దగ్గర 90 రోజుల్ల మాన్పిస్తం" అంటే మూడు ప్రశ్నలు అడగండ్రి: రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ కాగితం ఏది, సైకియాట్రిస్టు ఏ రోజు వస్తడు, ఇంటోళ్లను కలవనిస్తరా లేదా. నసిగిండ్రంటే వాపస్ రాండ్రి.

మరి ఏడికి పోవాలె? 2022 నవంబరుల వనపర్తి, నాగర్‌కర్నూల్ సర్కారు మెడికల్ కాలేజీలు మొదలైనయ్. గద్వాలకు తర్వాత వచ్చింది. మెడికల్ కాలేజీ అంటే మన పిల్లల సీట్ల గురించే మాట్లాడుతం, మంచిదే. కానీ దానికి అనుబంధ దవాఖాన ఉంటది, అందుల మానసిక వైద్య విభాగం ఉండాలె. ఓపీల పోయి "తాగుడు మానాలె, సైకియాట్రీకి రాయండ్రి" అని నోరు తెరిచి అడగాలె. మనోళ్లు కడుపునొప్పి అని చెప్పి గ్యాస్ గోలీలు తెచ్చుకొని వస్తరు. అసలు సంగతి చెప్పుకునేందుకు సిగ్గు. మహబూబ్‌నగర్ పెద్దదవాఖాన ఉన్నది. కేసు బరువుదైతే హైదరాబాద్ ఎర్రగడ్డ ఉన్నది. ఎర్రగడ్డ పేరు చెప్తే మా దిక్కు నవ్వుతరు, పిచ్చోళ్ల దవాఖాన అని. మత్తుకు బానిసైనోళ్లకు మన రాష్ట్రంల సర్కారు వైద్యం దొరికే పెద్ద చోటు అది. నవ్వేటోడు నెలకు 25 వేలు కడ్తడా?

ఫోన్‌ల నుంచి మొదలుపెట్టొచ్చు. 14446 మత్తు విముక్తి కోసం కేంద్రం పెట్టిన ఉచిత నంబరు. కేంద్రం డబ్బులిస్తే స్వచ్ఛంద సంస్థలు నడిపించే పునరావాస కేంద్రాలు దగ్గర్ల ఏడున్నయో అడగండ్రి, అక్కడ పేదోళ్ల నుంచి పైసలు గుంజరాదు. 14416 టెలి మానస్, 2022 అక్టోబరుల మొదలైంది. రాత్రి పగలు పని చేస్తది, తెలుగుల మాట్లాడొచ్చు. అయితే ఫిట్స్ వచ్చినా, మనుషులను గుర్తుపట్టకపోయినా ఈ నంబర్ల కోసం కూసోవద్దు. నేరుగా 108.

ఒక్క మాట అక్కలకు, చిన్నమ్మలకు. "తెల్వకుండ పప్పుల కలిపి పెట్టండి, మానేస్తడు" అని అమ్మే గోలీలు, పొడులు ఉంటయ్. వాటిల కొన్నిట్ల ఉండేది డైసల్ఫిరామ్. అది వేసుకున్న మనిషి తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవుడు, ప్రాణం మీదికి కూడా వస్తది. డాక్టరు దాన్ని మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేసి ఇస్తడు. దొంగతనంగ పెట్టేది కాదు. ఇంకోటి, తాగేది మొగోళ్లే అనుకోవద్దు. కైకిలి పోయొచ్చి ఒళ్లు నొప్పులకు కల్లు తాగే ఆడోళ్లు మన ఇండ్లల్లనే ఉన్నరు. వాళ్ల గురించి మీటింగుల ఎవరం మాట్లాడం. వాళ్లకూ ఈ హక్కులన్నీ ఉన్నయ్.

ఎయిమ్స్ వాళ్లు దేశమంతా చేసి 2019ల బయటపెట్టిన సర్వేల, మద్యానికి బానిసైన ప్రతి 38 మందిల ఒక్కరికే ఏదో ఒక చికిత్స దొరికిందని తేలింది. ఇది దేశం మొత్తం లెక్క. దవాఖానకు బస్సు లేని గూడెంల ఎంత ఉంటదో మీరే ఊహించుకోండ్రి. ఇంకో లెక్క చెప్తా. తెలంగాణల 2620 వైన్ షాపులు. 2021 నుంచి వాటిల ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చిన్రు. దరఖాస్తు ఫీజు 2023ల 2 లక్షలు, 2025ల 3 లక్షలు, లాటరీల రాకపోతే వాపస్ రాదు. ఆ 3 లక్షలు కట్టగలిగే చెంచు ఎవరో నాకైతే తెల్వదు. మందు అమ్మేటందుకు మాకు కోటా ఉన్నది. మందు మానేటందుకు మా పేరు మీద ఒక్క మంచం ఉన్నదా?

నిషేధం వద్దని నేను అంటలేను. 1992ల దూబగుంట ఆడోళ్లు లేచినప్పుడు సారాను బంద్ చేయించిన్రు, అది మన చరిత్రే. 1995ల సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997ల ఎత్తేసిన్రు. షాపుల గురించి కొట్లాడినంత, తాగేటోన్ని బతికించే దవాఖాన గురించి మనం ఎన్నడూ కొట్లాడలే. అమ్రాబాద్, మన్ననూరు దిక్కు షెడ్యూల్డ్ ఏరియా గ్రామసభలకు 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నియంత్రించే అధికారం ఇచ్చింది. ఆ అధికారం వాడండ్రి. వీపనగండ్ల ఆ పరిధిలకు రాదు, మాది ఉత్త తీర్మానమే. కానీ ఏడ తీర్మానం చేసినా కాగితంల ఇంకొక వాక్యం రాయండ్రి: బంద్ తేదీకి ముందు ఆ ఊరికి డాక్టరు రావాలె, రోజూ తాగేటోళ్ల పేర్లు ఆశా వర్కర్ దగ్గర గుట్టుగ ఉండాలె, దండుగ పైసలు బస్సు కిరాయిలకు పోవాలె. కలెక్టర్‌కు, ఐటీడీఏకు ఇచ్చే దరఖాస్తుల ఇదే అడగండ్రి. మూడు జిల్లాల మెడికల్ కాలేజీలల్ల ఈ చికిత్సకు మంచాలు, తాగాలనే యావను తగ్గించే నాల్ట్రెక్సోన్ లాంటి మందులు ఎప్పుడూ ఉండాలె.

చిన్నాయిన తొమ్మిది రోజులు దవాఖానల ఉన్నడు. పైసా తీసుకోలే. మానిండా అంటే, మానిండు, మల్ల తాగిండు, మల్ల మానిండు. దసరాకు ఒకసారి, మా తాత కర్మకు ఒకసారి జారిండు. రెండోసారి ఆయనే "నన్ను తీసుకపో" అన్నడు. బీపీ లెక్కనే ఇది కూడా మల్ల మల్ల వచ్చే జబ్బు అని డాక్టరు చెప్పినంక మా ఇంట్ల తిట్లు తగ్గినయ్. దండుగ తీర్మానం మేం తీసేసినం. ఆ వీడియో కూడా తీసేసిన, మస్తు లైకులు పోయినయ్.

వచ్చే సోమవారం పొద్దుగాల మొదటి బస్సుకు వనపర్తి పోతున్నం. నేను, చిన్నాయిన, మా వాడ నుంచి ఇంకో ఇద్దరు. చిన్నమ్మకు బస్సు ఫ్రీ కాబట్టి ఆమె కూడా వస్తనంటున్నది. మా దిక్కోళ్లు ఎవరన్న రావాలనుకుంటే ఇన్‌బాక్స్‌ల చెప్పండ్రి, పేరు బయటపడదు. ఆధార్ కార్డు, పాత చిట్టీలు తెచ్చుకోండ్రి. పొద్దున తాగి వచ్చినా ఏం అనం, బస్సు ఎక్కితే చాలు.