పట్టపగలు లైట్లెందుకంటారా?

పాత స్పోర్ట్స్ కార్లున్నవాళ్ళు వాటికి పగటి లైట్లు పెట్టించుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. పగటి లైట్లంటే డేటైమ్ రన్నింగ్ లైట్లు, పొట్టిగా డీఆర్ఎల్. దీనికి కూడా ఒక టపా అవసరమా అనుకుంటున్నారేమో, రెండు పేరాలు ఓపిక పట్టండి. మన బైకుల దగ్గర్నుంచే మొదలుపెడతాను.

2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త బైకులకీ, స్కూటర్లకీ హెడ్‌లైటు ఆపుకునే స్విచ్చి లేకుండా చేశారు. ఇంజను తిరుగుతున్నంతసేపూ లైటు వెలుగుతూనే ఉంటుంది. అప్పట్లో కొత్త బండి కొన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఎదురొచ్చే ప్రతి పుణ్యాత్ముడూ గుప్పిట మూసి తెరిచి "లైటు, లైటు" అని సైగ చేసేవాడు. మా బాబాయి విసిగిపోయి, మెకానిక్ దగ్గర ఓ స్విచ్చి వేయించేస్తానని బయల్దేరారు కూడా. నేనప్పుడు ఇంజనీరింగులో ఉన్నాను. "బాబాయ్, సైగ చేసిన ప్రతివాడూ నిన్ను చూసినట్టే కదా!" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి స్విచ్చి సంగతి వదిలేశారు. డీఆర్ఎల్‌కి అంతకంటే మంచి వివరణ నాకు ఇప్పటికీ దొరకలేదు. అది మీకు దారి చూపించడానికి కాదు, మిమ్మల్ని ఎదుటివాడికి చూపించడానికి.

ఇక నా బండి. డాలస్ శివార్లలో ఉంటాను. నా దగ్గరున్నది 1996 మాజ్దా మియాటా, నల్లది. నాకంటే ఏడాది పెద్దది. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించిన రెండు సీట్ల కారు ఇది. పైకప్పు నేల నుంచి నాలుగడుగులకి కాస్త ఎక్కువ, అంతే. హెడ్‌లైట్లు పగలు బానెట్‌లోకి ముడుచుకుని ఉంటాయి, స్విచ్చి వేస్తే కప్పకళ్ళలా పైకి లేస్తాయి. చూడ్డానికి ముద్దొస్తుంది. కానీ ఆ ముద్దొచ్చే కళ్ళే పగటిపూట మూసుకుని ఉంటాయి. పైగా టెక్సస్‌లో నా చుట్టూ తిరిగేవన్నీ పికప్ ట్రక్కులు. సిగ్నల్ దగ్గర పక్కన ఆగితే వాటి చక్రం నా భుజం దాకా వస్తుంది.

పోయిన నవంబరులో, మధ్యాహ్నం మూడున్నరకి, చెట్లనీడ పడే రోడ్డు మీద నేను తిన్నగా వెళ్తున్నాను. ఎదురుగా పసుపు బాణం మిణుకుమిణుకుమంటోంది, అంటే ఎడమకి తిరిగేవాడు ఎదుటివాళ్ళకి దారిచ్చి తిరగాలి. ఒక ట్రక్కతను నా ముందునుంచే తిప్పేశాడు. బ్రేకు పట్టింది, నాలుగడుగుల దూరంలో ఆగాను. 1996 కారు, దీనికి ఏబీఎస్ కూడా లేదు. అతను దిగొచ్చి చాలా మర్యాదగా క్షమాపణ చెప్పాడు. చేతులు వణుకుతున్నాయి పాపం. ఫోన్ చూడలేదు, తాగి లేడు. నీడలో, నల్ల తారురోడ్డు మీద, నల్ల కారు, దీపం లేదు. చూశాడు గానీ కనపడలేదు. అలాంటి మనిషి మీద కోప్పడి ఏం లాభం? ఆ వారమే లైట్ల సంగతి మొదలుపెట్టాను.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. ఫిన్లాండ్‌లో 1972లోనే, చలికాలంలో ఊళ్ళ బయట పగలు కూడా లైట్లు వేసుకోమన్నారు. స్వీడన్ 1977లో ఏడాది పొడుగునా తప్పనిసరి చేసింది. కెనడాలో 1989 డిసెంబరు 1 తర్వాత తయారైన ప్రతి కొత్త కారుకీ ఉండాల్సిందే. యూరపు 2011 ఫిబ్రవరి 7 నుంచి కొత్త మోడళ్ళకి పెట్టించింది. అమెరికా మాత్రం "ఇష్టమైతే పెట్టుకోండి" అని 1993లో అనుమతిచ్చి ఊరుకుంది. వీసా క్యూతో విసిగి కెనడా వెళ్ళిపోయిన మన మిత్రుల్ని అడగండి, కారు వెంట తీసుకెళ్ళినవాళ్ళకి ఈ డీఆర్ఎల్ గొడవ బాగా తెలుసు. పదిహేనేళ్ళు దాటిన కార్లకి అక్కడ మినహాయింపు. అంటే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళనే చట్టం వదిలేసింది.

"మరి అమెరికాలోనే చేసిన స్టడీ మాటేమిటి?" అని మా టీములో ఒకాయన పట్టుకున్నాడు. నిజమే. ఇక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ 2008లో ఒక నివేదిక ఇచ్చింది. మొత్తం మీద డీఆర్ఎల్ వల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ గణాంకాల్లో తేలలేదంది. పికప్పులూ వ్యాన్లూ ఉన్న రెండు వాహనాల ప్రమాదాల్లో మాత్రం 5.7 శాతం తగ్గుదల కనిపించిందట. నేను దీన్ని దాచిపెట్టి వాదించను. కానీ అది కోట్ల కార్ల సగటు. మనం రోజూ చేసే పనే చూడండి, సర్వర్ సగటు రెస్పాన్స్ టైము 200 మిల్లీసెకన్లు, డాష్‌బోర్డంతా పచ్చగా ఉంది అంటే మీ మేనేజరు ఊరుకుంటాడా? 99వ పర్సెంటైల్ చూపించమంటాడు. నాలుగడుగుల ఎత్తున్న నల్ల కారు సగటు కారు కాదు, తోకలో ఉన్న కారు. తోకలో ఉన్నవాడికి సగటు చెప్పి ఓదార్చడం నాకు నచ్చదు. ఇది లెక్కల రుజువు కాదు, నా తీర్పు. మీరు ఒప్పుకోకపోవచ్చు.

అన్నట్టు, వెనకద్దం దగ్గరుండే మూడో బ్రేకు లైటు గుర్తుందా? అమెరికాలో 1986 మోడల్ కార్ల నుంచి తప్పనిసరి. అదొచ్చాక వెనకనుంచి గుద్దడాలు దీర్ఘకాలంలో 4.3 శాతం తగ్గాయని ఇదే సంస్థ 1998లో లెక్క తేల్చింది. నాలుగు శాతమే. అయినా ఈరోజు ఆ లైటు లేని కారుని ఎవరైనా ఊహించుకోగలరా?

సరే, ఎలా పెట్టాలి? అసలు సరదా ఇక్కడే ఉంది.

అందరికీ మొదట తట్టేది, హెడ్‌లైట్లే వేసుకుని తిరిగితే పోలా అని. మియాటాలో అలా చేస్తే రోజంతా కళ్ళు పైకి లేచి ఉంటాయి, గాలికి అడ్డు, మోటర్లకి అరుగుదల, చూడ్డానికి ఎప్పుడూ ఆశ్చర్యపోతున్న మొహం :) ముడుచుకోని లైట్లున్న పాత కార్లకి ఇంకో చిట్కా ఉంది. రెండు హైబీమ్ బల్బుల్నీ సీరీస్‌లో కలిపితే ఒక్కోదానికి సగం వోల్టేజీ అందుతుంది. ఫిలమెంటు బల్బు సగం వోల్టేజీలో సగం కాంతి ఇవ్వదు, పదో వంతుకి పడిపోతుంది. పగటికి అది చాలు. మూడో దారి, ఇండికేటర్ బల్బుల్నే నిలకడగా వెలిగించి, సిగ్నల్ వేసినప్పుడు మాత్రం మిణుకుమనేలా చెయ్యడం. 1997 నాటి సీ5 కార్వెట్‌కి కూడా ముడుచుకునే కళ్ళే, జనరల్ మోటార్స్ వాళ్ళు ఆ దారే పట్టారు. బయటికేమీ కనపడదు కాబట్టి చాదస్తులకి అది నచ్చుతుంది. కాకపోతే ముప్ఫై ఏళ్ళ ప్లాస్టిక్ హోల్డరులో ఆ బల్బు గంటల తరబడి వెలిగితే వేడికి ఏమవుతుందో నాకు భయం. పోనీ ఎల్ఈడీ బల్బులు వేద్దామంటే అవి కరెంటు తక్కువ లాగుతాయి, పాత ఫ్లాషరు "బల్బు పోయింది కాబోలు" అనుకుని టకటకా కొట్టేస్తుంది. దానికి మళ్ళీ ఫ్లాషరు మార్చాలి.

అందుకే విడిగా రెండు చిన్న ఎల్ఈడీ దీపాలు పెట్టాను. కొనేటప్పుడు ఒక్కటే చూడండి, అద్దం మీద అచ్చు. యూరపుదైతే సున్నాలో ఈ అక్షరం, పక్కన ఆర్ఎల్ అని ఉండాలి. అమెరికాదైతే ఎస్ఏఈ వై2. ఆ అచ్చు ఉంటే కాంతి కొలిచారని అర్థం. యూరపు లెక్కలో 400 క్యాండెలాలకి తగ్గకూడదు, 1200 దాటకూడదు. కనుబొమల్లా అతికించే ఆ నీలపు స్ట్రిప్పులు మాత్రం కొనకండి బాబూ. ఎదురుగా నిలబడితే కళ్ళు పొడుస్తాయి, కాస్త పక్కకి జరిగితే కనపడవు. ఎడమకి తిరిగే ట్రక్కతను ఉండేది ఆ పక్కనే. ఎక్కడ బిగించాలన్నదానికి కూడా యూరపు కొలతలే పట్టుకున్నాను, నేలకి కనీసం 250 మిల్లీమీటర్ల ఎత్తు, రెండింటి మధ్య కనీసం 600. మియాటా మూతిలో మధ్యగా పెడితే రేడియేటర్ గాలికి అడ్డం కూడాను. అంచులకి జరిపి, ఉన్న బోల్టులకే బ్రాకెట్లు తగిలించాను. ఒక్క కన్నం కూడా కొత్తగా వెయ్యలేదు.

వైరింగుకి వాళ్ళిచ్చే చిన్న పెట్టె ఒకటుంటుంది. నేరుగా బ్యాటరీకి తగిలించండి చాలు, వోల్టేజీ 13 దాటితే ఇంజను నడుస్తోందని అదే పసిగట్టి లైట్లు వేస్తుంది అంటారు. కొత్త కార్లకి పర్లేదు. పాత ఆల్టర్నేటర్ ఐడిల్‌లో ఏసీ, ఫ్యానూ లాగుతుంటే వోల్టేజీ కిందకి జారుతుంది, సిగ్నల్ దగ్గర లైట్లు తబలా వాయిస్తాయి. పైగా మియాటా బ్యాటరీ ఉండేది డిక్కీలో! అక్కడ్నుంచి ముందు దాకా తీగ లాగడం నావల్ల కాదు. ఐదు కాళ్ళ మామూలు రిలే ఒకటి తెచ్చాను. ఇగ్నిషన్ వేస్తేనే కరెంటొచ్చే ఫ్యూజు నుంచి, మధ్యలో సొంత ఫ్యూజు పెట్టి, 30వ కాలికి. 87ఏ నుంచి దీపాలకి. పార్కింగ్ లైటు తీగ 86కి, 85 బాడీకి. పార్కింగ్ లైట్లు వెయ్యనంతసేపూ 87ఏ కలిసి ఉంటుంది, డీఆర్ఎల్ వెలుగుతుంది. వేసిన క్షణం కాయిల్ లాగుతుంది, డీఆర్ఎల్ ఆరిపోతుంది. సెకండియర్ ల్యాబులో చేసిన నాట్ గేట్ అన్నమాట, ఈసారి క్లిక్ మని చప్పుడు కూడా చేస్తుంది. ఏ ఫర్మ్‌వేరూ లేదు, అప్‌డేట్లూ లేవు.

ఒరిజినాలిటీ పోయింది అనేవాళ్ళతో నాకు పేచీ లేదు. నాలుగు బోల్టులు విప్పితే మళ్ళీ 1996. మోటార్‌సైకిళ్ళవాళ్ళ అభ్యంతరం మాత్రం ఆలోచించాల్సిందే. కార్లన్నీ వెలుగుతుంటే ఆ గుంపులో బైకు ఒంటి దీపం కలిసిపోతుందని వాళ్ళ బాధ. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మియాటా వెడల్పులోనూ, ఎత్తులోనూ బైకుకి దగ్గర చుట్టమేనని మాత్రం అనగలను.

నాకు ఎక్కువ భయం వేసేది వెనక వైపు. డీఆర్ఎల్ వెలిగేది ముందు మాత్రమే. కొత్త కార్లలో డాష్‌బోర్డు ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి చీకటి పడ్డాక కూడా లైట్లు వేశామనుకుని, వెనక టెయిల్ లైట్లు లేకుండా హైవే మీద పోతుంటారు. కెనడా 2021 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకి దీనికి కూడా నిబంధన పెట్టింది, టెయిల్ లైట్లైనా వెలగాలి, లైట్లన్నీ వాటంతట అవే పడాలి, లేదా డాష్‌బోర్డు చీకటిగా ఉండాలి. ఆ మూడోది ముప్ఫై ఏళ్ళ కిందటి మియాటాకి పుట్టుకతోనే ఉంది. లైటు స్విచ్చి వెయ్యందే మీటర్లు కనపడవు. ఆ చీకటిని చెడగొట్టకండి, మీటర్లకి విడిగా ఎల్ఈడీ తగిలించే సరదా ఉంటే మానుకోండి.

వానొచ్చినప్పుడు డీఆర్ఎల్ లెక్కలోకి రాదు. టెక్సస్ చట్టం వెయ్యి అడుగుల అవతల మనిషి కనపడకపోతే హెడ్‌లైట్లు వెయ్యమంటుంది. 2025 జనవరి నుంచి ఇక్కడ మామూలు కార్లకి ఏటేటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా ఎత్తేశారు, మీ లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసేవాడు మీరు తప్ప ఇంకెవరూ లేరు. నెలకోసారి గోడకెదురుగా నిలబెట్టి, స్విచ్చి వేసి, ఆ కప్పకళ్ళు రెండూ సమానంగా లేస్తున్నాయో లేదో చూసుకోండి. నా కారుకి ఎడమది కాస్త బద్ధకం, ఈ శనివారం దాని మోటరు విప్పాలి.