లెన్సు లేకపోయినా బొమ్మ పడుతుంది

మునేటి ఒడ్డున చెట్ల కింద గుండ్రటి వెలుగు మచ్చలు మనందరం చూసినవే. ఆకుల సందులు ఎలా ఉన్నా మచ్చలు గుండ్రమే, ఎందుకంటే అవి సూర్యుడి బొమ్మలు. గ్రహణం నాడు నెలవంకలవుతాయి (నేల మీదే చూడండి, పైకి కాదు!). హంపి విరూపాక్షాలయంలో గోపురం తలకిందులుగా గోడమీద పడేదీ ఇలాంటి చిన్న కంత వల్లే.

బొమ్మ పడేచోట డిజిటల్ సెన్సార్ పెడితే సూదిబెజ్జం కెమెరా తయారు. చిక్కల్లా వెలుతురుతోనే. 50 మిల్లీమీటర్ల దూరంలో పావు మిల్లీమీటరు బెజ్జం ఉంటే, ఎఫ్/2 లెన్సు ఇచ్చే వెలుతురులో 10,000వ వంతే వస్తుంది. బెజ్జం పెంచితే బొమ్మ మసక, మరీ తగ్గించినా కాంతి వంగి మసకే. అందుకే చాలా బెజ్జాలు పెడతారు. బొమ్మలన్నీ కలగాపులగమవుతాయి. బెజ్జాలెక్కడున్నాయో తెలుసు గనక కంప్యూటర్ విడదీస్తుంది. పదో తరగతి సమీకరణాల జతల్లాంటివే, కాకపోతే లక్షల్లో. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లో ఒక ఎక్స్‌రే కెమెరాకు లెన్సు లేదు, బెజ్జాలున్న టాంటలం రేకే. ఆ కిరణాలు గాజుకు లొంగవు మరి.

ఇంత ఉన్నా మన పిల్లలు కిరణ చిత్రాలు బట్టీ పడుతున్నారు. ల్యాబ్‌లో లెన్సుల్లేవనడం సాకేనని నా అభిప్రాయం. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, అయినా ఈ బొమ్మను కళ్లారా చూసింది పీజీలోనే. తమ్ముళ్లు అంతదాకా ఆగనక్కర్లేదు. అట్టపెట్టె, నల్ల కాగితం, గుండుసూది హాస్టల్లోనే దొరుకుతాయి. పూర్వ విద్యార్థి అన్నలూ, లెన్సు ఊడదీయగల పాత డిజిటల్ కెమెరా మూలపడి ఉంటే పదో తరగతివాళ్లకిచ్చి వెళ్లండి. లెన్సు పగిలినా పర్లేదు.