కొత్త టెక్నాలజీలు.. ఎన్నని నేర్చుకుంటాం?

బ్యాకెండ్ వాళ్ళం ఏ ఇద్దరం కలిసినా మాటలు తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి. "ఇప్పుడు ఏం నేర్చుకుంటే మంచిది?" ఒకరు కాఫ్కా అంటారు, ఇంకొకరు గో అంటారు. కోడంతా ఏఐ రాస్తుంటే ఇంకా నేర్చుకోవడమేంటని మరొకరు. అమీర్‌పేటలో బోర్డులు మారినంత త్వరగా రెజ్యూమె మార్చుకోవడం ఎవరి వల్లా కాదు.

నా మట్టుకు నేను చెప్పేదొకటే. నేర్చుకోవాల్సింది కొత్త పేరుని కాదు, అది ఏ పాత తలనొప్పిని తీర్చడానికి వచ్చిందో దాన్ని.

జావానే తీసుకుందాం. జావా 9 (2017) తర్వాత నుంచి ఆరు నెలలకో వెర్షన్ వస్తోంది. అన్నిటి వెంటా పరిగెత్తక్కర్లేదు. కానీ 2023 సెప్టెంబర్‌లో జావా 21తో స్థిరపడిన వర్చువల్ థ్రెడ్స్ సంగతి చూడండి. మామూలు థ్రెడ్ ఒక్కోటీ ఒక ఆపరేటింగ్ సిస్టమ్ థ్రెడ్‌ని పట్టుకుని ఉంటుంది. డేటాబేస్ జవాబు కోసం ఊరికే ఎదురుచూస్తున్నా సరే, దాన్ని వదలదు. బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టన్నమాట :) వర్చువల్ థ్రెడ్ అయితే ఆ కాసేపూ సీటు ఖాళీ చేసి, జవాబు వచ్చాక మళ్ళీ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటుంది.

ఇంతవరకూ అర్థమైతే తర్వాతి ప్రశ్న దానంతటదే వస్తుంది. వేల రిక్వెస్టులు లోపలికి వచ్చేశాయి సరే, కనెక్షన్ పూల్‌లో ఉన్నవి ఇరవయ్యే అయితే? క్యూ థ్రెడ్ల దగ్గర్నుంచి డేటాబేస్ దగ్గరికి జరిగిందంతే! ఈ ప్రశ్న వేయగలిగినవాడికే ఆ టెక్నాలజీ వచ్చినట్టు. ఏఐ రాసిచ్చిన కోడ్‌ని నమ్మాలో వద్దో తేల్చేదీ ఇలాంటి ప్రశ్నే.

"మా ప్రాజెక్టు జావా 8 మీద హాయిగా నడుస్తోంది" అనేవాళ్ళకి ఒక మాట. 2022 నవంబర్‌లో స్ప్రింగ్ బూట్ 3 వచ్చి, కనీసం జావా 17 ఉండాల్సిందే అంది. ఎన్నో జావాఎక్స్ ప్యాకేజీల పేర్లు జకార్తా అయిపోయాయి. ఏటా కొంచెం కొంచెం కట్టుకుంటే తేలిగ్గా పోయే బాకీ, ఒకేసారి నెత్తిమీద పడితే వడ్డీతో సహా కట్టాలి.

అసలు చిక్కు టైముతో. "ఆఫీసయ్యాక నేర్చుకోండి" అని చాలా తేలిగ్గా అనేస్తారు. రాత్రి పదింటికి పిల్లని నిద్రపుచ్చి, వంటిల్లు సర్దుకుని, పొద్దున్నే క్యారేజీలు కట్టాల్సిన అమ్మాయికీ, హాస్టల్లో ఒక్కడే ఉండే కుర్రాడికీ ఆ "ఆఫీసయ్యాక" ఒకటేనా? అప్రైజల్‌లో మాత్రం ఇద్దరినీ ఒకే తూకం వేస్తారు. నేర్చుకోవడం ఉద్యోగంలో భాగమే అయితే దానికి ఉద్యోగ సమయమే ఇవ్వాలి.

అందుకని నేననేది, స్ప్రింట్ ప్లానింగ్‌లో వారానికి రెండు గంటలు టికెట్ పెట్టి మరీ అడగండి. నేర్చుకున్నది టీముకి అరగంటలో చెప్తామని మాటివ్వండి. ఒక్కరు అడిగితే గొంతెమ్మ కోరిక అంటారు, టీమంతా అడిగితే ప్లాన్ అంటారు.

ఏమంటారు?