లీటరుకు రూపాయి ఎటు పోతోంది?

ఆంధ్రప్రదేశ్ రోడ్లు, భవనాల శాఖ మంత్రి గారికి,

రోడ్ల అభివృద్ధి కోసమంటూ పెట్రోలు, డీజిలు మీద లీటరుకు రూపాయి సెస్సును రాష్ట్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో విధించింది. ఏటా సుమారు 600 కోట్ల రూపాయలు వస్తాయన్నది అప్పటి అంచనా. బంకులో పెట్రోలు కొట్టించుకునే ప్రతి ఒక్కరూ ఆ రూపాయి కడుతున్నారు. అది తమ ఊరి రోడ్డుకు చేరిందో లేదో వారికి చెప్పేవారు లేరు.

తారు రోడ్డుకు అసలు శత్రువు నీరు. పక్కకాలువ పూడిపోతే వాననీరు రోడ్డు మీదే నిలుస్తుంది. పగుళ్లలోంచి కిందికి దిగి తారునూ కంకరనూ విడదీస్తుంది. ఆపైన లారీ చక్రం పడితే పెచ్చు లేచిపోతుంది. గుంతలో గ్రావెల్ పోసి చేతులు దులుపుకుంటే అదీ తర్వాతి వానకు కొట్టుకుపోతుంది. వానాకాలానికి ముందే కాలువ తీయించి పగుళ్లు పూడిస్తే కొద్ది ఖర్చుతో పోతుంది. ఆలస్యమైతే రోడ్డంతా తవ్వి కొత్తగా వేయాలి.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు దాని నిర్వహణ చూడాలి. రాష్ట్ర, జిల్లా రోడ్ల ఒప్పందాలన్నిటిలోనూ ఆ షరతు ఉండాలి. బిల్లులు రాక కాంట్రాక్టర్లు టెండర్లకు మొహం చాటేసిన రోజులు రాష్ట్రం చూసింది. కాబట్టి నిర్వహణ సొమ్మును విడి ఖాతాలో ఉంచి, ఎప్పటి బిల్లు అప్పుడే చెల్లించాలి. సెస్సు రాబడి, ఖర్చుల వివరాలను ఏటా జిల్లాలవారీగా, రోడ్ల పేర్లతో సహా ప్రకటించాలి.

ఇట్లు,
సెస్సు కడుతున్న ఒక వాహనదారు