కబురు కాదు, పెనవేత

జంట కణాలలో ఒకదానిని ఇక్కడ తాకితే, ఎంతో దూరాన ఉన్న రెండవదానికి ఆ క్షణమే కబురు అందుతుందని మన విద్యార్థులు సభలలో ఉత్సాహంగా చెబుతుంటారు. కొందరు పెద్దలు ఒక అడుగు ముందుకు వేసి దీనిని మహిమలకు సాక్ష్యంగా చూపుతున్నారు. మేము తెలుగు బోధించేవారమే గాని భౌతికశాస్త్రజ్ఞులము కాము. అయినప్పటికీ ఇక్కడ "కబురు" అన్న మాటే తప్పని మా అభిప్రాయం. విశ్వాసానికి ఇటువంటి ఊతకర్ర అవసరం లేదు.

1935లో ష్రోడింగర్ ఈ బాంధవ్యానికి వాడిన జర్మన్ పదాన్ని చేతులు కట్టుకోవడానికి కూడ వాడుతారు. "చిక్కు" కంటె "పెనవేత" దానికి దగ్గర.

ఒక కణం ఉర్దూ మాధ్యమ విద్యార్థి వద్ద, రెండవది తెలుగు మాధ్యమ విద్యార్థి వద్ద ఉన్నదనుకొందాము. ఇటువంటి జంటలు వేలకొలది వస్తుండగా, ఇరువురూ ఎవరి గదిలో వారు, ముందే అనుకొన్న క్రమంలో, ఒకదానికొకటి లంబంగా ఉన్న మూడు దిశలలో కొలిచి, +1 లేదా −1 అని తమ నోటుబుక్కులలో వ్రాసుకొంటారు. పూర్తిగా పెనవేసుకొన్న జంటలైతే ఏ ఒక్క పుస్తకం చూచినా బొమ్మాబొరుసు వేసినట్లే ఉంటుంది. ఐన్‌స్టీను వచ్చినా ఆ ఒక్కదాని నుండి ఏమీ చెప్పలేడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఫలితాలను జంటజంటగా గుణించి, ఒక్కొక్క దిశకు సగటు తీయాలి. ఆ మూడు సగటులను, ధన ఋణ గుర్తులు విడిచి, కూడితే పెనవేత లేని జంటలకు మొత్తం 1 దాటదు. దాటినదా, పెనవేత ఉన్నట్లే. పరిపూర్ణమైన పెనవేతకు అది 3.

కాని ఆ రెండవ పుస్తకం తపాలాలోనో, టెలిఫోనులోనో మనకు చేరవలసిందే. వెలుగును మించిన వేగంతో రాదు. ఇక కబురెక్కడిది?

పరికరాలనే శంకించేవారికి ఈ లెక్క చాలదు. జవాబులు ముందే వ్రాసిపెట్టుకొన్న మోసపు యంత్రాలు కూడ 3 చూపగలవు. వారికోసం 1964లో జాన్ బెల్ వేరొక దారి చూపాడు: ఇరువైపులా దిశలను అప్పటికప్పుడు మార్చుతూ కొలవడం. 1969లో ఇతరులు దానికిచ్చిన రూపంలో, ముందే వ్రాసిన జవాబులకు హద్దు 2. 2015లో హాలండులోని డెల్ఫ్టులో, 1.3 కిలోమీటర్ల ఎడంగా ఉన్న రెండు వజ్రాలలోని ఎలక్ట్రానులతో 2.42 వచ్చింది. అక్కడ కూడ రెండు చోట్ల పట్టీలను కలిపిన పిమ్మటనే.

మన విజ్ఞాన ప్రదర్శనలో ఉర్దూ, తెలుగు మాధ్యమాలవారు వేరువేరు బల్లలు పెట్టుకోవడం ఆనవాయితీ. వచ్చే ఏడాది ఈ ఒక్క అంశమైనా ఒకే బల్లపై, రెండు నోటుబుక్కులతో చూపడానికి అనుమతించవలసిందిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాము. గుణకారం సరిచూసే పని మాత్రం గణితశాఖవారికి వదలుతున్నాము.